కాలికి తగ్గట్టు బండి: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల హ్యాండిల్ ఎత్తు, మణికట్టు నొప్పుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు కాళ్ల మీదకే వచ్చాయి. గేర్ రాడ్ అందట్లేదని ఒకరు, బ్రేక్ పెడల్ మీద పాదం పెట్టాలంటే మోకాలు లేపాల్సి వస్తోందని ఇంకొకరు. నాకు భలే సంతోషంగా అనిపించింది, ఎందుకంటే చాలామంది ఈ ఇబ్బందిని ఏళ్ల తరబడి అలాగే భరిస్తారు, బండి అంటే ఇంతేలే అనుకుంటారు. చెప్పులు కొనేటప్పుడు రెండు జతలు తొడుక్కుని చూసి గానీ తీసుకోం, లక్ష పోసి కొన్న బండికి మాత్రం షోరూమ్‌లో ఎలా ఇచ్చారో అలాగే నడిపేస్తాం. కంపెనీ వాళ్లు పెడల్‌ని, గేర్ రాడ్‌ని ఒక మాదిరి కాలికి సరిపోయేలా పెట్టి పంపిస్తారు, మీ కాలు వాళ్లకేం తెలుసు? వాటిని కాస్త అటూ ఇటూ జరుపుకోడానికి వీలు కూడా వాళ్లే ఇచ్చారు, అది వాడుకోకపోవడమే మన తప్పు.

ప్రశ్న: అన్నా, నేను విశాఖపట్నంలో ప్లాంట్‌లో పని చేస్తా. డ్యూటీకి సేఫ్టీ షూ వేసుకునే వెళ్లాలి, ముందు ఇనుప టోపీ ఉండేవి, సైజు 10. నా 150 సీసీ బండికి గేర్ రాడ్ ముందువైపు మాత్రమే ఉంది, మడమతో నొక్కేది లేదు. గేర్ పైకి వెయ్యాలంటే షూ ఆ రాడ్ కిందకి దూరట్లేదు, మోకాలు పక్కకి తిప్పి కాలంతా లేపి వేస్తున్నా. రోజూ పాతిక కిలోమీటర్లు, ఎడమ పిక్క ముందుభాగం, ఎముక పక్కన, లాగేస్తోంది. చెప్పులతో వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, ముందు చెప్పులతో వెళ్లే ఆలోచన మానెయ్. షూ మార్చక్కర్లేదు, రాడ్ మార్చాలి. నీకు నొప్పి వచ్చే చోటు చూస్తేనే తెలుస్తోంది, పాదాన్ని పైకి లేపే కండరం అది, రోజుకి వందలసార్లు ఆ ఇనుప టోపీ బరువుతో సహా లేపుతున్నావ్, లాగక ఏం చేస్తుంది.

మొదట కూర్చుని చూసుకో. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టు, లేకపోతే ఎవరినైనా పట్టుకోమను. డ్యూటీ షూ వేసుకునే కూర్చో, ఇది ముఖ్యం, ఇంట్లో వట్టి కాళ్లతో సెట్ చేసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. పాదం మధ్యభాగాన్ని ఫుట్ రెస్ట్ మీద పెట్టి పక్కనుంచి ఫోన్‌తో ఒక ఫోటో తీయించుకో. షూ ముక్కు రాడ్ రబ్బరు కిందకి గీసుకోకుండా దూరాలి, దూరాక మధ్యలో వేలు లావంత ఖాళీ ఉండాలి. అదే పాదాన్ని కొంచెం వెనక్కి జరిపి రాడ్ మీద పెడితే చీలమండ కొద్దిగా వంచితే చాలు గేర్ కిందకి పడాలి. ఈ రెండూ మోకాలు కదలకుండా జరగాలి. నీకు మొదటిది కుదరట్లేదు అంటే రాడ్ కొన పైకి లేవాలి.

ఇప్పుడు రాడ్ మొదట్లో చూడు. నేరుగా ఇంజిన్‌లోంచి వచ్చే షాఫ్ట్ మీద కూర్చుందా, లేక మధ్యలో ఒక సన్న కడ్డీ ఉండి దానితో కలిపి ఉందా అని. రెంటికీ పని వేరు.

నేరుగా కూర్చున్నదైతే షాఫ్ట్ చుట్టూ పళ్లు ఉంటాయి, రాడ్ లోపల కూడా అవే పళ్లు. ముందు తెల్ల పెయింటుతోనో మార్కర్‌తోనో షాఫ్ట్ మీద, రాడ్ మీద కలిపి ఒక గీత గియ్యి, ఇది మర్చిపోతే తర్వాత ఎక్కడుండేదో తెలియక అరగంట తల పట్టుకోవాలి. తర్వాత 10 నంబర్ పానాతో బిగింపు బోల్టు తియ్యి. ఊరికే లూజు చేస్తే రాదు, బోల్టు పూర్తిగా బయటికి రావాలి, ఎందుకంటే చాలా బళ్లలో అది షాఫ్ట్ మీద ఉన్న గాడిలోంచి వెళ్తుంది. ఇది తెలియక సుత్తితో కొట్టి రాడ్ లాగేవాళ్లని చూశాను, ఆ దెబ్బలన్నీ లోపల గేర్ షాఫ్ట్‌కే తగులుతాయి. మట్టి పట్టి బిగుసుకుపోతే కాస్త నూనె స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగు, అటూ ఇటూ కదిలిస్తూ బయటికి లాగు. బయటికి వచ్చాక పళ్లని పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చెయ్యి. గీతకి ఒక్క పన్ను పైకి జరిపి మళ్లీ ఎక్కించు. ఒక్క పన్నే. చూడ్డానికి చిన్నదే గానీ రాడ్ పొడుగు వల్ల కొన సుమారుగా అంగుళం దాకా లేస్తుంది. రెండు పళ్లు జరిపితే పైకి వెయ్యడం హాయిగా ఉంటుంది, కిందకి నొక్కాలంటే మళ్లీ మోకాలు లేపాలి, రోగం ఒక చోట నుంచి ఇంకో చోటకి మారినట్టే.

మధ్యలో సన్న కడ్డీ ఉన్నదైతే ఇంకా సుఖం, పన్ను లెక్క కాకుండా వెంట్రుకవాసి కూడా జరుపుకోవచ్చు. కడ్డీకి రెండు కొసలా చెక్ నట్లు, అంటే సెట్టింగ్ కదలకుండా బిగించి పట్టే నట్లు, ఉంటాయి, రెండూ లూజు చేసి కడ్డీని తిప్పితే రాడ్ లేస్తుంది లేదా దిగుతుంది. ఒక్క జాగ్రత్త, చాలా బళ్లలో ఒక కొసన మరలు తిరగబడి ఉంటాయి, అంటే ఆ చెక్ నట్ వదలాలంటే మామూలుగా బిగించే వైపు తిప్పాలి. అది తెలియక పొడుగు పైపు వేసి బలంగా తిప్పితే మరలు పోతాయి. ఇంకోటి, కడ్డీని మరీ బయటికి తిప్పేస్తే కొసన రెండు మరలే పట్టుకుని ఉంటాయి, రోడ్డు మీద ఊడిపోతుంది. రెండు వైపులా సమానంగా మరలు లోపల ఉండేలా చూసుకో.

అంతా అయ్యాక ఇంజిన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూడు. రాడ్ పైకి వెళ్లినా కిందకి వచ్చినా ఇంజిన్ కవర్‌కి గానీ, సైడ్ స్టాండ్‌కి గానీ, లెగ్ గార్డ్‌కి గానీ తగలకూడదు. తర్వాత వీధిలో రెండు రౌండ్లు తిరుగు, వెంటనే డ్యూటీకి పోవద్దు. వారం తర్వాత ఆ బోల్టు ఒకసారి మళ్లీ బిగించి చూసుకో.

పళ్లు అరిగిపోయి రాడ్ జారుతోందని మెకానిక్ వెల్డింగ్ కొడదామంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఇది రోడ్డు పక్క షాపుల్లో మామూలైపోయింది, నాకు చూస్తే బాధేస్తుంది. షాఫ్ట్ వెనకాలే రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది, వెల్డింగ్ వేడికి అది మాడిపోయి ఆయిల్ కారడం మొదలవుతుంది, ఆ తర్వాత ఆ పక్క కవర్ విప్పాలన్నా రాడ్ కొయ్యాల్సిందే. కొత్త రాడ్ కొనుక్కోవడమే మేలు, అది మహా ఖరీదైన సామానేం కాదు.

రాడ్ ఎత్తు సరిచేశాక కూడా ఇనుప టోపీ దూరకపోతే, మీ మోడల్‌కే వచ్చే ముందూ వెనకా నొక్కే రాడ్ ఉందేమో అడుగు. ఒకటి కిందకి, మిగతావి పైకి ఉన్న బళ్లలో వెనక ముక్క మీద మడమతో నొక్కితే గేర్ పెరుగుతుంది, ముక్కు లేపే పనే ఉండదు. కాకపోతే సైజు 10 షూకి ముందు ముక్కకీ వెనక ముక్కకీ మధ్య చోటు సరిపోతుందో లేదో షాపులోనే పెట్టి చూసుకో, లేకపోతే మడమ దానికే తగులుతూ తెలియకుండా గేర్ పడుతుంది.

ప్రశ్న: నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని, జగిత్యాల దగ్గర పల్లెకి రోజూ బండి మీదే వెళ్తాను. స్కూటీ ఆ రోడ్డుకి ఆగట్లేదని మావారి 110 సీసీ బండి తీసుకున్నాను. నా ఎత్తు అయిదడుగుల లోపే. వెనక బ్రేక్ పెడల్ నా పాదం కంటే పైన ఉన్నట్టుంది, బ్రేక్ వెయ్యాలంటే ఫుట్ రెస్ట్ మీద నుంచి కాలు మొత్తం లేపి పెడల్ మీద పెట్టాలి. ఒక రోజు మేకలు అడ్డం వస్తే కాలు వెతుక్కునేసరికి ఆలస్యమైంది, పడలేదు కానీ చాలా భయమేసింది. మెకానిక్‌ని అడిగితే మీకు స్కూటీయే మంచిది మేడమ్ అన్నాడు.

జవాబు: టీచర్ గారూ, ఆ మెకానిక్ మాట మనసులో పెట్టుకోకండి. బండి మీకు సరిపోదు అనే ముందు రెండు నట్లు తిప్పి చూడాల్సింది ఆయన. కాలు వెతుక్కోవడం అన్నారు చూడండి, అసలు సంగతంతా అందులోనే ఉంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది, కాలు పెడల్‌ని వెతుక్కునే ఒక్క సెకనులో మీ క్లాసు రూమ్ పొడుగు కన్నా ఎక్కువే దాటిపోతారు.

మీది డ్రమ్ బ్రేక్ అనుకుని చెప్తున్నాను. ఇందులో రెండు విషయాలు ఉన్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి పెడల్ ఏ ఎత్తులో నిలబడుతుంది అనేది, రెండోది నొక్కాక ఎంత దూరం ఖాళీగా పోయి బ్రేక్ పట్టుకుంటుంది అనేది, దాన్ని మనవాళ్లు ప్లే అంటారు. ముందు ఎత్తు సరిచేసి తర్వాతే ప్లే సరిచెయ్యాలి, వరస తప్పితే రెండూ చెడతాయి.

ఎత్తు కోసం పెడల్ మొదట్లో, ఫుట్ రెస్ట్ వెనకాల వంగి చూడండి. చాలా బళ్లకి అక్కడ పెడల్‌ని ఆపే చిన్న బోల్టు, దానికో చెక్ నట్ ఉంటాయి. చెక్ నట్ లూజు చేసి ఆ బోల్టుని తిప్పితే పెడల్ నిలబడే చోటు దిగుతుంది. ఎంత దించాలి అంటే, ఫుట్ రెస్ట్ మీద పాదం పెట్టుకున్నప్పుడు మీ ముందు పాదం పెడల్ మీద గాల్లో, తగిలీ తగలనట్టు ఉండాలి. మడమ లేపకుండా ముందు పాదం వంచితే పెడల్ నొక్కుకోవాలి. మీరు రోజూ వేసుకునే చెప్పులో షూలో అవే వేసుకుని చూడండి. మరీ కిందకి దించేస్తే గట్టిగా నొక్కినప్పుడు పాదం పూర్తిగా సాగిపోయి బలం రాదు, గుంతల్లో పెడల్ నేలకి తగిలే ప్రమాదమూ ఉంది. కొన్ని బళ్లకి ఈ బోల్టు ఉండదు, పెడల్ ఒకే చోట ఆగుతుంది. అప్పుడు పెడల్‌ని వేడిచేసి వంచుతామని ఎవరైనా అంటే వద్దనండి, వంచిన చోట ఇనుము బలం తగ్గుతుంది. ఎప్పుడైనా కుడివైపు పడి పెడల్ లోపలికి వంగిందేమో కూడా చూడండి, అలా వంగినదాన్ని కొత్తది వేయించడమే సరైన పని.

తర్వాత ప్లే. వెనక చక్రం దగ్గర బ్రేక్ రాడ్ చివర పెద్ద నట్టు ఉంటుంది, చేత్తోనే తిప్పొచ్చు లేదా 14 నంబర్ పానా పడుతుంది. బిగిస్తే ప్లే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. చాలా కమ్యూటర్ బళ్ల మాన్యువల్‌లో పెడల్ కొన దగ్గర 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలని ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఒకసారి చూసుకోండి. ఆ నట్టు వెనక గుంట ఉంటుంది, అది పిన్ను మీద సరిగ్గా కూర్చునేదాకా తిప్పాలి, సగంలో ఆపితే నడుస్తుంటే దానంతట అదే సర్దుకుని ప్లే మారిపోతుంది. సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో తిప్పండి, సర్ర్ మని రాసుకునే శబ్దం రాకుండా హాయిగా తిరగాలి. డ్రమ్ మీద ఒక బాణం గుర్తు ఉంటుంది, బ్రేక్ పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం ఎదుటి గీత దాకా వచ్చేసిందంటే లోపల డ్రమ్‌ని రాసుకుని ఆపే లైనర్లు అరిగి అయిపోయినట్టే, ఎంత నట్టు తిప్పినా లాభం లేదు.

2019 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బండి అయితే ఇంకో సంగతి. 125 సీసీ లోపు కొత్త బళ్లకి అప్పట్నుంచి కలిపి పట్టే బ్రేక్ గానీ, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. కలిపి పట్టేదైతే మీరు కాలితో వెనక బ్రేక్ నొక్కితే కేబుల్ ద్వారా ముందు బ్రేక్ కూడా కొంత పట్టుకుంటుంది. అందులో వెనక నట్టు ఒక్కటే తిప్పి వదిలేస్తే రెండు బ్రేకుల మధ్య లెక్క తప్పుతుంది, కాబట్టి ఈ ఒక్క పని మాత్రం ఆ పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించండి, పక్కన నిలబడి చూడండి.

చివరగా బ్రేక్ లైట్. పెడల్ ఎత్తు మారిస్తే లైట్ వెలిగే సమయం కూడా మారుతుంది. పెడల్ కాస్త నొక్కగానే, బ్రేక్ పట్టుకోడానికి ముందే వెలగాలి. మారిపోతే స్విచ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నట్టు తిప్పాలి, స్విచ్ ఒంటిని తిప్పకూడదు, తిప్పితే లోపల వైర్లు తెగుతాయి. ఇంకో చిన్న మాట, చైన్ టైట్ చేయించిన ప్రతిసారీ ఈ ప్లే చూసుకోవాలి, చక్రం వెనక్కి జరిగినకొద్దీ బ్రేక్ రాడ్ బిగుసుకుంటుంది. ఇది చాలా షాపుల్లో మర్చిపోతారు.

నాకే జరిగింది, అందుకే చెప్తున్నా. ఒకసారి సర్వీసింగ్ నుంచి బండి తెచ్చుకుని సాయంత్రం సూర్యాపేట వైపు బయల్దేరాను, బండి బరువుగా లాగుతోంది అనుకున్నా గానీ ఎదురుగాలి అని వదిలేశా. ఇరవై కిలోమీటర్లు పోయాక టీ కోసం ఆగితే కాలిన వాసన, డ్రమ్ దగ్గర చెయ్యి పెట్టబోతే సెగ తగిలింది. గ్లాసులో నీళ్లు రెండు చుక్కలు చల్లితే చుయ్ మని ఆవిరైపోయాయి. చైన్ బిగించి రాడ్ నట్టు వదలడం మర్చిపోయారు. ఆ పక్కనే గంటసేపు కూర్చుని చల్లారాక నట్టు నాలుగు రౌండ్లు వదిలి ఇంటికి వచ్చాను. అప్పట్నుంచి బండి చేతికి రాగానే స్టాండ్ వేసి వెనక చక్రం తిప్పి చూడందే షాపు గుమ్మం దాటను.

ప్రశ్న: నాది వెనక డిస్క్ ఉన్న బండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్దామని, పెడల్ కాలికి దగ్గరగా ఉంటే ఘాట్‌లో బాగుంటుందని వీడియో చూసి నేనే సరిచేసుకున్నా. ఘాట్ దిగుతుంటే వెనక బ్రేక్ దానంతట అదే గట్టిపడిపోయింది, బండి ముందుకి కదలడం మానేసింది. ఆగి చల్లారాక మళ్లీ కదిలింది. బ్రేక్ పాడైపోయిందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు, మీ సెట్టింగే దీనికి కారణం. డిస్క్‌లో పెడల్ ఒక పుష్ రాడ్‌ని నొక్కుతుంది, అది మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్‌ని తోస్తుంది. మీరు కాలు తీశాక ఆ పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి, అలా వచ్చినప్పుడే పైన చిన్న కంత తెరుచుకుని, వేడికి పెరిగిన ఫ్లూయిడ్, అంటే బ్రేక్ ఆయిల్, తిరిగి డబ్బాలోకి పోతుంది. మీరు ఎత్తు కోసం పుష్ రాడ్‌ని పొడుగు చేసి పిస్టన్‌ని కాస్త లోపలే నొక్కి ఉంచారన్నమాట. మామూలు రోడ్డు మీద తెలియదు. ఘాట్‌లో బ్రేకులు వేడెక్కాయి, ఫ్లూయిడ్ వ్యాకోచించింది, పోడానికి దారి లేదు, దాంతో ప్యాడ్లని అదే నొక్కడం మొదలుపెట్టింది. ప్యాడ్లు రాసుకుని ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి. చల్లారాక కదిలింది అన్నారు కదా, అదే దీనికి సాక్ష్యం.

పుష్ రాడ్ చెక్ నట్ వదిలి రాడ్‌ని కొంచెం పొట్టి చెయ్యండి. పెడల్‌ని వేలితో నొక్కినప్పుడు, పిస్టన్‌కి తగలడానికి ముందు ఆ కాస్త ఖాళీ కదలిక వేలికి తెలియాలి. చెక్ నట్ బిగించేటప్పుడు రాడ్ తిరగకుండా ఇంకో పానాతో పట్టుకోవాలి. ఆ తర్వాత ఒకసారి ప్యాడ్లు, డిస్క్ రంగు చూపించండి, ఫ్లూయిడ్ మార్పించండి. అంత వేడి తగిలిన పాత ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు వస్తే పెడల్ మెత్తగా అయిపోయి బ్రేక్ పట్టదు, ఈసారి ఆగకపోవడం అనే రెండో రకం ప్రమాదం.

ఘాట్‌లో పెడల్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటు ఉంటే అదీ మానండి. రెండో గేర్‌లో, మూడో గేర్‌లో ఇంజిన్ పట్టు మీద దిగండి, పెడల్ అవసరమైనప్పుడే. డిస్క్ బ్రేక్ పెడల్ ఎత్తు విషయంలో నాకు ఒక్కటే అభిప్రాయం, పొరపాటున కిందకి ఉంటే ఇబ్బందే గానీ పైకి లేపడం కోసం పిస్టన్‌ని నొక్కి పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు.

ప్రశ్న: నేను అనంతపురంలో రిటైర్డ్ ఉద్యోగిని. ముప్పై ఏళ్లు పాత బుల్లెట్ నడిపాను, కుడి కాలితో గేరు, ఎడమ కాలితో బ్రేకు. ఇప్పుడు మా అబ్బాయి కొత్తది కొనిచ్చాడు. గేరు ఎడమవైపు వచ్చేసింది. బ్రేక్ వెయ్యబోయి ఎడమ కాలు నొక్కితే గేరు పడి బండి కుదుపుతోంది. వయసులో ఇది అలవాటు అవుతుందా?

జవాబు: అవుతుంది మాస్టారూ, కచ్చితంగా అవుతుంది, కానీ మీకు జరుగుతున్నది చిన్న విషయం కాదు. పాతదానిలో మొదటి గేరు పైకి, మిగతావి కిందకి. కొత్తదానిలో మొదటిది కిందకి, మిగతావి పైకి. అంటే వైపూ మారింది, దిశా మారింది, మీ కాళ్లకి ముప్పై ఏళ్ల జ్ఞాపకం రెండుసార్లు తిరగబడింది. అందులోనూ భయం వేసిన క్షణంలో కాలు పాత పద్ధతికే పోతుంది, ఆలోచించి వేసే కాలు కాదు అది.

అందుకే నా సలహా ఇది. ఒకే వారంలో రెండు బళ్లూ నడపొద్దు. పాతదానిని కనీసం రెండు నెలలు కవర్ కప్పి షెడ్డులో పెట్టండి, మనసుకి కష్టంగా ఉన్నా సరే. కొత్తదానిని పొద్దున్నే ఖాళీ మైదానానికి తీసుకెళ్లి 20 కిలోమీటర్ల వేగంలో పోతూ కుడి కాలితో ఆపడం, మళ్లీ బయల్దేరడం, మళ్లీ ఆపడం, రోజుకి పావుగంట చెయ్యండి. ముందు బ్రేక్ మాత్రం రెండు బళ్లకీ కుడి చేతి కిందే, అది మారలేదు, కాబట్టి ఆపాలి అనుకోగానే మొదట చెయ్యి పోయేలా అలవాటు చేసుకుంటే కాలు తడబడినా బండి నెమ్మదిస్తుంది.

ఈలోపు ఆ గేర్ రాడ్‌ని, పెడల్‌ని మీ కాలికి సరిచేయించండి. మీకు ఇది మామూలువాళ్ల కంటే ఎక్కువ అవసరం. కుడి పాదం ముందుభాగం ఎప్పుడూ పెడల్ పైనే గాల్లో ఉండేలా ఎత్తు కుదిరితే, బ్రేక్ అనగానే దగ్గరున్న కాలే నొక్కుతుంది. పెడల్ దూరంగా, వంకరగా ఉంటే అలవాటున్న ఎడమ కాలే ముందుంటుంది. ఆనించి మాత్రం ఉంచకండి, వెనకాల లైట్ వెలుగుతూనే ఉంటే వెనకున్నవాళ్లకి మీరు ఎప్పుడు ఆగుతారో తెలియదు.

ప్రశ్న: ఎడమ చీలమండలో ప్లేట్ వేశారు, ఆర్నెల్లయింది. నడుస్తున్నాను గానీ పాదం ముందుభాగం పైకి లేవట్లేదు. బండి నడపొచ్చా? (గుంటూరు)

జవాబు: ముందు మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ సరే అనాలి, గేర్ సంగతి ఒక్కటే కాదు, సిగ్నల్ దగ్గర కుడి కాలు బ్రేక్ మీద ఉంటుంది కాబట్టి బండి బరువంతా దిగేది ఆ ఎడమ కాలి మీదే. ఆయన సరే అంటే, మీ మోడల్‌కి వచ్చే ముందూ వెనకా నొక్కే గేర్ రాడ్ వేయించుకోండి. అప్పుడు అన్ని గేర్లూ నొక్కడమే, లేపే పని లేదు, మడమ ముక్క నొక్కేటప్పుడు చీలమండ వంచక్కర్లేకుండా కాలంతా కలిపి నొక్కినా సరిపోతుంది. ఎత్తు మాత్రం ఇందాక ప్లాంట్ తమ్ముడికి చెప్పినట్టే చూసుకోండి, వెనక ముక్క మీ మడమకి మరీ ఎత్తుగా ఉండకూడదు.

ప్రశ్న: వానాకాలంలో ఫుట్ రెస్ట్ మీద నుంచి చెప్పు జారుతోంది. రబ్బరు తీసేసి వట్టి ఇనుముతో నడపొచ్చా? (రాజమండ్రి)

జవాబు: వద్దు, వట్టి ఇనుము తడిస్తే ఇంకా జారుతుంది, పైగా ఇంజిన్ అదురంతా పాదానికి ఎక్కుతుంది. మీ రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి, గోటితో గీస్తే తెలుస్తుంది. కొత్త జత వేయించండి, ఎక్కించేటప్పుడు కాస్త సబ్బు నీళ్లు రాస్తే జారుతూ ఎక్కుతుంది, నూనె గానీ గ్రీజు గానీ వాడొద్దు. గేర్ రాడ్ కొన రబ్బరు కూడా అప్పుడే మార్పించండి, దాని సంగతి ఎవరికీ గుర్తుండదు, అది పోయాక ఇనుప కొన షూ పైభాగాన్ని కొరికేస్తుంది. వెనకాల అమ్మగారో ఇంటావిడో కూర్చుంటుంటే వాళ్ల ఫుట్ రెస్ట్ రబ్బర్లు కూడా చూడండి, చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునేవాళ్లకి కాలు ఆనించుకోడానికి అది చాలా అవసరం.